షాపులో బాగానే ఆడుతుంది, ఇంటికి తెస్తే పోతుంది: మార్చిన టీవీ బ్యాక్‌లైట్ బోర్డు కాలడం ఇది మూడోసారి

గోదారిగట్టు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్లే చదవండి. మాది రాజమండ్రి. 2019 దసరాకి కొన్న 43 అంగుళాల ఎల్ఈడీ టీవీ. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, రాస్తే సగం మంది ఆ కంపెనీని తిట్టడానికే వస్తారు, నా టీవీ సంగతి మూలన పడుతుంది. ఆరేళ్లు ఒక్క రోజు ఇబ్బంది పెట్టలేదు. ఈ ఫిబ్రవరి నుంచి మాత్రం చుక్కలు చూపిస్తోంది.

మొదటిసారి ఫిబ్రవరి రెండో వారంలో. రాత్రి అమ్మ సీరియల్ చూస్తుంటే బొమ్మ పోయింది, మాటలు మాత్రం వస్తున్నాయి. హాల్లో లైటు ఆపేసి, స్క్రీన్‌కి దగ్గరగా ఫోను టార్చి పెట్టి చూస్తే లోపల మనుషులు నీడల్లా కదులుతున్నారు. అంటే ప్యానెల్ బాగానే ఉంది, వెనక వెలుగు పోయింది. తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఈ మోడల్లో బ్యాక్‌లైట్‌కి విడిగా అరచేతిలో పట్టేంత బోర్డు ఉంది. దాని మీద మాస్‌ఫెట్ (కరెంటుని స్విచ్చులా ఆన్ ఆఫ్ చేసే భాగం) పేలి నడిమధ్యన చిన్న గుంట పడింది, పక్కన డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) షార్ట్ అయింది. బోర్డు మార్చాడు, 1,900 అయింది. షాపులో రెండు రోజులు ఆడించి మరీ ఇచ్చాడు. ఇంట్లో తొమ్మిది రోజులు వచ్చింది.

రెండోసారీ అదే మాస్‌ఫెట్, అదే డయోడ్. "స్ట్రిప్పులు పాతబడ్డాయి సార్, అవే లాగేస్తున్నాయి" అని వాటి సెట్ మొత్తం మార్చాడు. నాలుగు స్ట్రిప్పులు, ఒక్కోదానికి ఎనిమిది ఎల్ఈడీలు. బోర్డుతో కలిపి 4,200. ఈసారి షాపులో మూడు రోజులు, పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆడింది. మధ్యలో నేనే వెళ్లి చూసొచ్చాను, బల్ల మీద నిలబెట్టి క్రికెట్ పెట్టుకుని ఆయనా, కుర్రాళ్లూ చూస్తున్నారు, బొమ్మ అద్దంలా ఉంది. ఇంటికి తెచ్చాక 22 రోజులు.

అదీ పోయాక మూడో బోర్డు వేశాడు, అది పోయింది మొన్న ఆదివారం. నాలుగు రోజులకే.

ఇప్పుడు మెకానిక్ మా ఇంటి కరెంటే బాగాలేదంటున్నాడు. అతన్ని తిట్టలేను, మూడో బోర్డుకి డబ్బులు కూడా తీసుకోలేదు, పాపం అతనికీ తల తిరిగిపోతోంది. కానీ జనవరిలో ఈ అద్దింటికి మారినప్పటి నుంచి ఫ్రిజ్, వాషింగ్ మిషన్, కంప్యూటర్ అన్నీ ఇదే కరెంటు మీద నడుస్తున్నాయి, ఒక్కదానికీ ఏమీ కాలేదు. మల్టీమీటర్ పెట్టి నాలుగైదు పూటలు చూశాను, 226 నుంచి 238 వోల్టుల మధ్యనే ఉంటోంది.

స్టెబిలైజర్ కొనాలా? ఈ బోర్డు పక్కన పడేసి ఆన్‌లైన్‌లో దొరికే యూనివర్సల్ బ్యాక్‌లైట్ బోర్డు వేయించాలా? లేక పాత సామాన్ల వాడికి ఇచ్చేసి దండం పెట్టేయాలా?

పల్నాడు_పవర్

స్టెబిలైజర్ లేకపోవడమే అన్నా, ఇంకేం చూడక్కర్లేదు. మా ఊళ్లో లైను మీద చెట్టుకొమ్మ పడి న్యూట్రల్ తెగిన రోజు మా వరసలో ఆరిళ్లలో టీవీలు, సెట్‌టాప్ బాక్సులు ఒకేసారి పోయాయి. స్టెబిలైజర్ ఉన్న ఒక్క ఇంట్లోనే బతికింది. ముందు అది కొను, తర్వాత బోర్డు సంగతి.

జెర్సీబావ

తమ్ముడూ, న్యూట్రల్ తెగితే టీవీ ఒక్కటే కాదు, ప్లగ్గులో ఉన్నవేవైనా పోయే ప్రమాదం ఉంది. అది వేరే కథ. ఈయనకి పోతున్నది మెయిన్ పవర్ సప్లై కాదు, దాని తర్వాత ఉన్న బ్యాక్‌లైట్ బోర్డు. టీవీ వెనక స్టిక్కర్ చూడమనండి, చాలావాటి మీద 100-240 వోల్టులు అని ఉంటుంది. నేనుండే న్యూజెర్సీలో ప్లగ్గులో 120 వస్తుంది, రాజమండ్రిలో 230. లోపల పవర్ సప్లై రెంటినీ ఒకే 24 వోల్టులో, 12 వోల్టులో చేసి ముందుకు పంపుతుంది. గోడలో ఎంత వస్తోందో బ్యాక్‌లైట్ బోర్డుకి తెలియను కూడా తెలియదు. స్టెబిలైజర్ కొంటే కొనండి, నాలుగో బోర్డు కూడా పోయాక దాన్ని ఫ్రిజ్‌కి వాడుకోవచ్చు.

కొత్తదే_మేలు

ఇప్పటికే 6,100 పోశారు, టీవీ వయసు ఆరేళ్లు దాటింది. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. నేనైతే ఇక రూపాయి పెట్టను. కొత్తది తీసుకోండి, ప్రశాంతంగా ఉంటుంది.

గోదారిగట్టు

కొనొచ్చండీ. కానీ ఇల్లు మారిన నెలలో అడ్వాన్సు, లారీ, గీజరు అన్నీ అయ్యాక ఇప్పుడు టీవీ అంటే ఇంట్లో నన్నే పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తారు. పైగా ఎందుకు పోతోందో తెలియకుండా కొత్తది తెచ్చి అదే గోడకి తగిలిస్తే అదీ పోదని ఏంటి నమ్మకం?

నల్లగొండ_ముచ్చట్లు

ముందు వెనక మూత తీసి బల్లి ఉందేమో చూడన్నా. నవ్వకు. మా టీవీ రెండుసార్లు పోయింది, రెండుసార్లూ పవర్ బోర్డు మీద బల్లి కాలిపోయి అతుక్కుని ఉంది. వెచ్చగా ఉంటుందని చలికాలం వచ్చి దూరతాయి. మా మెకానిక్ మూత గాలి రంధ్రాలకి లోపలి నుంచి దోమతెర ముక్క అంటించాడు, మళ్లీ రాలేదు.

సిరీస్‌బల్బు

గోదారిగట్టు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను బెజవాడలో ఇదే పని మీద 22 ఏళ్ల నుంచి ఉన్నా, పిక్చర్ ట్యూబు టీవీలకి ఈహెచ్‌టీలు (హై వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్లు) మార్చిన కాలం నుంచి. ఒకే బోర్డు ఇన్నిసార్లు ఒకేలా పోయిందంటే తప్పు బోర్డుది కాదు. దాన్ని ఏదో చంపుతోంది. అదేంటో చూడకుండా నాలుగోది వేసినా, యూనివర్సల్ వేసినా అంతే. యూనివర్సల్ బోర్డు అయితే ఇంకా ప్రమాదం, వాటిలో కొన్నింటికి రక్షణ పేరుకే ఉంటుంది, బోర్డుతో పాటు స్ట్రిప్పులు కూడా మాడతాయి.

ఆ చిన్న బోర్డు చేసే పని చెప్తాను, అది తెలిస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. మీ 32 ఎల్ఈడీలు ఒకదాని వెనక ఒకటి పూలదండలా సిరీస్‌లో ఉంటాయి. ఒక్కోటి 3 వోల్టుల రకం అయితే మొత్తం దండకి 96, అటూ ఇటూగా వంద వోల్టులు కావాలి. పవర్ సప్లై ఇచ్చేది 24. ఆ 24ని కాయిల్, మాస్‌ఫెట్, డయోడ్, కెపాసిటర్ కలిసి వందకి లేపుతాయి. దండ మొదట్లో ప్లస్ వైరు, ఆఖర్న మైనస్ వైరు. మైనస్ నుంచి తిరిగొచ్చిన కరెంటు నాలుగైదు బుల్లి రెసిస్టర్ల గుండా గ్రౌండ్‌కి పోతుంది. ఐసీ, అంటే బోర్డుని నడిపే చిప్పు, దాని కన్ను ఆ రెసిస్టర్ల మీదే ఉంటుంది. అక్కడ కరెంటు తక్కువ కనిపిస్తే ఇంకా తోస్తుంది, ఎక్కువ కనిపిస్తే తగ్గిస్తుంది. అంతకు మించి దానికి ఏమీ తెలియదు, దండ మధ్యలో ఏం జరుగుతోందో అసలే తెలియదు.

ఇప్పుడు ఒక ఎల్ఈడీ తెగిపోయిందనుకోండి. దండ తెగినట్టే, కరెంటు పారదు, వోల్టేజీ పైకి పోయి ఓవర్ వోల్టేజీ రక్షణ తగిలి ఆగిపోతుంది. ఆన్ చేయగానే ఒకటి రెండు సెకన్లు మెరిసి ఆరిపోయే టీవీలు ఎక్కువగా ఈ బాపతే, బోర్డు మాత్రం బతికే ఉంటుంది. ఒక ఎల్ఈడీ షార్ట్ అయితే అది ఒక్కటే వెలగదు, స్క్రీన్ మీద అక్కడ మసక మచ్చ పడుతుంది, మిగతావి మామూలుగానే నడుస్తాయి. ఈ రెంటిలో ఏదీ మాస్‌ఫెట్‌కి గుంట పడేలా పేల్చదు, రక్షణ సరిగ్గా ఉన్నంతవరకు.

పేల్చేది ఇంకోటుంది. దండ మధ్యలో ఎక్కడో రాగి గీత వెనక ఉన్న ఇనప రేకుకి తగలడం. ఆ రేకు బోర్డు గ్రౌండ్‌తో కలిసే ఉంటుంది. మధ్యలో తగిలితే కరెంటు అక్కడి నుంచే అడ్డదారిలో గ్రౌండ్‌కి పోతుంది, ఆఖర్న ఉన్న రెసిస్టర్ల దాకా రానే రాదు. ఐసీ చూసి "అయ్యో, కరెంటే లేదు" అని ఇంకా తోస్తుంది. ఎంత తోస్తే అంత అడ్డదారిలోనే పోతుంది. ముందు సగం ఎల్ఈడీలు తెల్లగా మండుతాయి, వెనక సగానికి ఏమీ అందదు. అలా కొన్నిసార్లు జరిగితే మాస్‌ఫెట్, డయోడ్ చేతులెత్తేస్తాయి.

కాబట్టి నాకు మూడు సంగతులు కావాలి. పోయే ముందు స్క్రీన్ వెలుగులో ఏదైనా తేడా వచ్చిందా, పైన ఒకలా కింద ఒకలా? మీ మెకానిక్ వేసిన మూడో బోర్డు మీద డయోడ్ ఏ నంబరుది, ఫోను కెమెరాతో జూమ్ చేసి చదవండి. ఇక షాపులో బల్ల మీద పెట్టారన్నారు, మీ ఇంట్లో ఎలా పెట్టారు? ఆ చివరి మాట, "అదే గోడకి తగిలిస్తే" అన్నారు కదా, అది చదివాకే ఈ జవాబు రాయడానికి కూర్చున్నాను. గోడ మౌంట్ స్క్రూ ఒకటి విప్పి స్కేలు పక్కన పెట్టి ఎంత పొడవుందో చెప్పండి.

కాకినాడ_కెపాసిటర్

మాస్టారూ, చిన్న సందేహం. అడ్డదారి ఉంటే రక్షణ ఉన్న ఐసీ ఎందుకు ఆపదు? మంచి బోర్డులకి మాస్‌ఫెట్ కరెంటు పరిమితి కూడా ఉంటుంది కదా?

సిరీస్‌బల్బు

ఉంటుంది. అయితే ఆ పరిమితి కాయిల్, మాస్‌ఫెట్ ఓర్చుకునే దాన్ని బట్టి పెడతారు, ఎల్ఈడీలు ఓర్చుకునే దాన్ని బట్టి కాదు. అది తగిలేలోపు ఎల్ఈడీలకి మామూలుకంటే చాలా ఎక్కువే వెళ్తుంది. పైగా రేకు తగిలే చోటు దండ మొదట్లోనే ఉందనుకోండి, మొదటి ఆరేడు ఎల్ఈడీల తర్వాత. అప్పుడు వాటికి కావాల్సింది 20 వోల్టులు, లోపలికి వచ్చేదే 24. ఐసీ ఆగిపోయినా, మాస్‌ఫెట్ ఆగిపోయినా సరే, 24 నేరుగా కాయిల్, డయోడ్ మీదుగా పోతూనే ఉంటుంది. ఆపేదల్లా దారిలో ఉండే చిన్న ఫ్యూజు ఒక్కటే. గోదారిగట్టు గారూ, ఆ ఫ్యూజు కూడా చూడండి. చాలామంది దాని మీద వైరు ముక్క వేసి టంకం పెట్టేస్తారు, ఫ్యూజు పోవడమే అసలు జబ్బు అన్నట్టు.

గోదారిగట్టు

మాస్టారూ, వరసగా చెప్తాను, నాకే ఒళ్లు జలదరించింది.

వెలుగు సంగతి అమ్మని అడిగాను. "పోయే ముందు పైన మెరుపులా తెల్లగా వచ్చి కింద చీకటి పడిందిరా, ప్రతిసారీ అంతే, మొదటిసారే చెప్పాను, నువ్వెక్కడ విన్నావు" అంది. నిజమే. ఆ రోజు నేను సీరియల్లో ఏదో ఉరుములు మెరుపుల సీను అనుకున్నాను.

డయోడ్: మొదటి రెండు కాలిన బోర్డులు మెకానిక్ ఒక కవర్లో వేసి ఇచ్చాడు, వాటి మీద లావుపాటి నల్ల డయోడ్ ఉంది, కాలిపోయి నంబరు కనిపించడం లేదు. మూడో బోర్డు మాత్రం కొత్తది కాదు, ఏదో పాత టీవీలోంచి తీసి బాగుచేసిందట, అందుకే డబ్బులు తీసుకోలేదు. దాని మీద సన్నగా గుండ్రంగా ఉన్న డయోడ్ ఉంది, 4007 అని కనిపిస్తోంది. ఫ్యూజు ఉన్న చోట మీరు చెప్పినట్టే చిన్న రాగి తీగ ఉంది.

ఇక గోడ. పాత ఇంట్లో టీవీ ఎప్పుడూ దాని స్టాండు మీదే ఉండేది. ఈ ఇంట్లో హాలు చిన్నది, స్టాండుకి చోటు లేక, కప్‌బోర్డులు చేయడానికి వచ్చిన కార్పెంటర్‌తోనే గోడకి మౌంట్ బిగించాం. టీవీ వెనక నాలుగు స్క్రూలు. తల కింద నుంచి కొలిస్తే 20 మి.మీ. ఉన్నాయి. బీరువాలో మాన్యువల్ దొరికింది, అందులో ఎం6 (6 మి.మీ. లావు), 12 మి.మీ. పొడవు అని బొమ్మ వేసి మరీ ఉంది. మౌంట్ డబ్బాలో రకరకాల సైజుల స్క్రూలు, నల్ల ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి, కార్పెంటర్ ఆ గొట్టాలు పక్కన పడేసి చేతికి దొరికిన స్క్రూలు బిగించాడు. కుడి వైపు పైన ఉన్నది ఆఖర్లో పట్టేస్తుంటే కాస్త బలంగా తిప్పాడు, నేను పక్కనే నిలబడి టీవీ పట్టుకున్నాను. తర్వాత రెండుసార్లు నేనే బిగించాను, నేనూ అంతే బలంగా తిప్పాను.

షాపులో వెనక మూత తీయాలంటే మౌంట్ పట్టీలు విప్పాలి కాబట్టి, అక్కడున్న అన్ని రోజులూ ఆ స్క్రూలు లేవు. కవర్లో వేసి నాకిచ్చేవాడు.

జెర్సీబావ

అమ్మగారికి నమస్కారం చెప్పండి. మాకంటే ముందే పట్టేశారు, మీరే వినలేదు.

సిరీస్‌బల్బు

ఇంకా గట్టిగా చెప్పకండి, ముందు పరీక్ష చేయాలి. 8 మి.మీ. ఎక్కువంటే అనుమానం బలంగానే ఉంది. కొన్ని టీవీల్లో ఆ స్క్రూ ఎక్కే నట్టు వెనక మూసి ఉంటుంది, ఎంత పొడవు పెట్టినా లోపలికి పోదు. కొన్నింట్లో తెరిచే ఉంటుంది, స్క్రూ మొన నేరుగా స్ట్రిప్పు వీపు మీదకి వెళ్తుంది.

ఒక మాట ముందే చెప్తాను, ఇక్కడే చాలామంది మోసపోతారు. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి స్ట్రిప్పు వైరుకీ రేకుకీ మధ్య చూస్తే ఓపెన్ (ఏమీ తగలనట్టు) అనే చూపిస్తుంది, షార్ట్ ఉన్నా సరే. ఎందుకంటే మీటరు ఇచ్చేది రెండు మూడు వోల్టులు, మధ్యలో పది పన్నెండు ఎల్ఈడీలు ఉంటే అది దాటి పోలేదు. మీ మెకానిక్ కూడా మీటరు పెట్టి చూసి బాగుందనే అనుకుని ఉంటాడు, అతని తప్పేం లేదు.

కావాల్సింది ఎల్ఈడీ స్ట్రిప్ టెస్టర్, మీ మెకానిక్ దగ్గర ఉంటుంది. అతని షాపులోనే చేయండి, ఇంట్లో వద్దు, ఆ టెస్టర్ చివర్లో రెండు మూడు వందల వోల్టుల దాకా వస్తుంది. ప్లగ్ పీకి పదినిమిషాలు ఆగి, బ్యాక్‌లైట్ బోర్డు నుంచి స్ట్రిప్పులకి వెళ్లే కనెక్టర్ ఊడదీయండి. టెస్టర్ ఎర్ర వైరు ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి పెడితే 32 వెలగాలి, వంద దగ్గర చూపించాలి. ఇప్పుడు నల్ల వైరు మైనస్ నుంచి తీసి వెనక రేకుకి పెట్టండి, పెయింట్ లేని చోట. ఏమీ వెలగకూడదు. ఇది మామూలు. తర్వాత ఆ నాలుగు స్క్రూలు, మౌంట్ పట్టీలతో సహా, ఇంట్లో బిగించినంత బలంగా ఒక్కొక్కటే బిగించి, ఒక్కోదానికీ మళ్లీ చూడండి. ప్యానెల్ విప్పక్కర్లేదు, ముందు వైపు నుంచి వెలుగు కనిపిస్తుంది.

వెలిగితే ఎన్ని వోల్టులు చూపిస్తోందో రాసుకోండి. దాన్ని మూడుతో భాగిస్తే ఎన్నో ఎల్ఈడీ తర్వాత తగులుతోందో తెలిసిపోతుంది.

4007 సంగతి. అది మామూలు రెక్టిఫయర్ డయోడ్, ప్లగ్గులో వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు లాంటి నెమ్మది పనికి చేసింది. ఈ బోర్డు సెకనుకి లక్ష సార్లకి పైగా ఆన్ ఆఫ్ అవుతుంది, ఆ వేగానికి 4007 సమయానికి మూసుకోలేక వేడెక్కి చస్తుంది. అక్కడ వేగంగా మూసుకునే ఫాస్ట్ రికవరీ డయోడే వేయాలి. మూడోది నాలుగు రోజులకే పోవడంలో దీని వాటా కూడా ఉంది. అంటే మీకు ఒకే జబ్బు కాదు, ఆఖర్న రెండోది కూడా తోడైంది.

గోదారిగట్టు

నిన్న సాయంత్రం షాపుకి వెళ్లాం. మెకానిక్‌కి ఈ థ్రెడ్ చూపిస్తే మొదట కొంచెం మొహం మాడ్చుకున్నాడు, 4007 దగ్గరికి వచ్చేసరికి "నాకు తెలుసు సార్, ఆ రోజు అదే ఉంది" అని నవ్వేశాడు. తర్వాత నాకంటే అతనికే ఆత్రం ఎక్కువైంది.

ప్లస్, మైనస్ మధ్య 97 వోల్టులు, స్క్రీన్ మొత్తం సమంగా వెలిగింది. నల్ల వైరు రేకుకి పెడితే ఏమీ లేదు. ఎడమ వైపు రెండు స్క్రూలు బిగించాం, ఏమీ లేదు. కుడి కింద, ఏమీ లేదు. కుడి పైన బిగిస్తుంటే ముప్పావు వంతు దాకా ఏమీ లేదు, ఆఖరి రెండు చుట్లలో స్క్రీన్ పై భాగం గుప్పుమని వెలిగింది. కింద అంతా చీకటి. అమ్మ చెప్పింది ఇదే. టెస్టర్ మీద 39. అతను స్క్రూని పావు చుట్టు వెనక్కి తిప్పితే ఆరిపోయింది, ముందుకి తిప్పితే వెలిగింది. స్విచ్చులా. కుర్రాళ్లు కూడా వచ్చి తిప్పి చూశారు.

39ని మూడుతో భాగిస్తే 13. మొదటి స్ట్రిప్పు ఎనిమిది, రెండో స్ట్రిప్పులో ఐదోదాని తర్వాత అన్నమాట.

తర్వాత ప్యానెల్ విప్పాం. ఇద్దరు రెండు వైపులా పట్టుకుని ఎత్తారు, పక్కన వేలాడే సన్న రిబ్బన్లు తెగితే టీవీ నిజంగానే పాత సామాన్ల వాడికే అని చెప్పి నన్ను దూరంగా నిలబెట్టారు. తెల్ల షీట్లు తీసి రెండో స్ట్రిప్పు ఊడదీస్తే, సరిగ్గా ఐదు, ఆరు ఎల్ఈడీల మధ్య వీపు మీద కందిగింజంత చోట పూత గీరుకుపోయి రాగి మెరుస్తోంది, చుట్టూ నల్లగా మాడిన మరక. రేకులో ఆ నట్టు వెనక వైపు తెరిచే ఉంది. ఫిబ్రవరిలో తీసిన పాత స్ట్రిప్పులు ఇంకా షాపులో ఓ మూలన ఉన్నాయి, వెతికి తీస్తే దాని మీదా అదే చోట అదే మచ్చ. స్ట్రిప్పులు మార్చినప్పుడు చూసి ఉంటే అక్కడితో అయిపోయేది, కానీ తీసిన స్ట్రిప్పు వీపు ఎవరు చూస్తారు, తీసి పక్కన పడేస్తాం అన్నాడు. అదీ నిజమే.

నల్లగొండ_ముచ్చట్లు

బల్లి లేదా?

గోదారిగట్టు

ఒక బొద్దింక ఉంది అన్నా, కానీ పాపం అది నిర్దోషి.

కాకినాడ_కెపాసిటర్

అంతా బాగుంది కానీ ఒకటి అర్థం కాలేదు. స్క్రూ బిగించగానే తగిలితే ఆ రోజే పోవాలి కదా. మొదట తొమ్మిది రోజులు, తర్వాత 22 ఎందుకు ఆగింది?

సిరీస్‌బల్బు

బిగించిన రోజు మొన పూతని నొక్కుతూ మాత్రమే ఉంటుంది, ఇంకా చీల్చి ఉండదు. టీవీ ఆన్ చేస్తే స్ట్రిప్పు వేడెక్కి కొంచెం సాగుతుంది, ఆపితే చల్లబడి ముడుచుకుంటుంది. రోజుకి నాలుగైదుసార్లు అలా జరుగుతూ, మొన మీద అటూ ఇటూ రాపిడి పడి పూత అరుగుతుంది. ఎంత బిగించారో, రోజుకి ఎంతసేపు చూశారో దాన్ని బట్టి రోజులు మారతాయి. టీవీతో వచ్చిన బోర్డు పోయినప్పటికే పాత స్ట్రిప్పు గీరుకుపోయింది, దాన్ని మార్చకుండానే వేరే బోర్డు వేశారు, అందుకే తొమ్మిది రోజులకే పోయింది. కొత్త స్ట్రిప్పులు వేశాక పూత కొత్తగా ఉంది కాబట్టి 22 రోజులు పట్టింది. మూడోసారి పూత చిరిగిన స్ట్రిప్పు, 4007, వైరు ఫ్యూజు మూడూ కలిశాయి, నాలుగు రోజులు వచ్చిందంటే అదే గొప్ప.

గోదారిగట్టు గారూ, రెండో స్ట్రిప్పు ఒక్కటే మార్చమనండి, మిగతావి కొత్తవే కదా, వెలుగులో తేడా రాదు. అదే సెట్ మోడల్‌ది, 3 వోల్టులదే వేయాలి, 6 వోల్టులది దొరికిందని కలిపారంటే దండ లెక్క మొత్తం మారిపోతుంది. బోర్డు కొత్తది కొనక్కర్లేదు, ఉన్నవాటిలో ఐసీ బతికున్నదాన్ని తీసుకుని మాస్‌ఫెట్, ఫాస్ట్ రికవరీ డయోడ్, ఫ్యూజు వేస్తే చాలు. వేశాక నేరుగా ప్లగ్గులో పెట్టకుండా సిరీస్ బల్బు మీద (ప్లగ్గుకీ టీవీకీ మధ్య ఫిలమెంట్ బల్బు కలిపి) ఒకసారి ఆన్ చేయమనండి, ఏదైనా షార్ట్ మిగిలుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది.

ఇంకొకటి, ఇష్టమైతేనే. ఐసీ కన్నేసి ఉంచే ఆ బుల్లి రెసిస్టర్లు (సెన్స్ రెసిస్టర్లు) మీ బోర్డులో ఎన్ని ఉన్నాయో చూడండి. ఉదాహరణకి 3.9 ఓములవి నాలుగు పక్కపక్కన (పారలల్‌లో) ఉంటే మొత్తం 0.975 ఓములు. ఐసీ 0.3 వోల్టుల దగ్గర పట్టుకునేదైతే ఎల్ఈడీలకి 308 మిల్లీ ఆంపియర్లు పోతున్నట్టు. ఒకటి తీసేస్తే 1.3 ఓములు అవుతుంది, కరెంటు 231కి దిగుతుంది. నాలుగో వంతు తగ్గినా కంటికి పెద్దగా తెలియదు, స్ట్రిప్పులు చల్లగా ఉంటాయి. అంత పని వద్దనుకుంటే మెనూలో బ్యాక్‌లైట్ వంద మీద ఉన్నదాన్ని అరవైకి దించండి, దాదాపు అదే ఫలితం. ఇంట్లో గదిలో వంద ఎవరికీ అక్కర్లేదు, అది షోరూములో పక్క టీవీతో పోటీ పడడానికి పెట్టేది.

పల్నాడు_పవర్

నేను స్టెబిలైజర్ అన్నందుకు ఎవరూ ఏమీ అనలేదు, థాంక్స్. మా ఇంట్లో కూడా టీవీ గోడకే ఉంది, ఇప్పుడే స్క్రూ విప్పి చూశాను. 25 మి.మీ. ఉంది కానీ నల్ల గొట్టాలు వేసే బిగించారు, లోపలికి పోయేది తక్కువే. గొట్టం పొడవు, పట్టీ మందం తీసేసి చూసుకోవాలి కదా మాస్టారూ?

సిరీస్‌బల్బు

అంతే. లోపలికి పోయేది ఎంతో అదే లెక్క, స్క్రూ మొత్తం పొడవు కాదు. చేత్తో తిప్పుతుంటే మధ్యలో గట్టిగా పట్టేసిందంటే ఆపేయండి. మొన దేనికో తగిలింది.

గోదారిగట్టు

నెలన్నర తర్వాత అప్‌డేట్. టీవీ అదే గోడ మీద ఉంది, రోజూ ఆరేడు గంటలు నడుస్తోంది. రెండో స్ట్రిప్పు ఒక్కటి, మాస్‌ఫెట్, డయోడ్, ఫ్యూజు, అన్నీ కలిపి 750 తీసుకున్నాడు. స్ట్రిప్పు వీపు మీద ఆ నట్టు ఉన్న చోట వేడికి తట్టుకునే పసుపు టేపు రెండు పొరలు వేశాడు. రెసిస్టర్ జోలికి పోలేదు, బ్యాక్‌లైట్ 60కి దించాం, అమ్మకి తేడా తెలియలేదు, నాకు మొదటి రెండు రోజులు తెలిసింది, తర్వాత మర్చిపోయాను.

స్క్రూలకే ఎక్కువ తిరిగాను. ఎం6, 12 మి.మీ. కోసం నాలుగు హార్డ్‌వేర్ షాపులు అడిగితే అందరూ 20, 25 ఇస్తామన్నారు. ఆఖరికి ఒక బైకు స్పేర్ పార్టుల షాపులో దొరికాయి, నాలుగు 20 రూపాయలు. కుర్రాడు దేనికన్నా అని అడిగితే టీవీకి అన్నాను, నమ్మలేదు.

గోడకి తగిలించే రోజు మెకానిక్ తనే టెస్టర్ పట్టుకుని ఇంటికొచ్చాడు. వెనక మూత తీసి, కొత్త స్క్రూలతో పట్టీలు బిగించి, కనెక్టర్ తీసి, రేకుకి నల్ల వైరు పెట్టి చూశాడు. ఏమీ వెలగలేదు. టీ తాగి వెళ్లాడు. ఇప్పుడు ఎవరైనా బ్యాక్‌లైట్ అని టీవీ తెస్తే ముందు గోడకి పెట్టారా, స్క్రూలు తెచ్చారా అని అడుగుతున్నాడట.